మలుపు చెప్పినవాడు

టేకులపల్లి దాటి అడవిలోకి పోయే అంచుబాటను చూడడానికి ఆ రోజుల్లో హైదరాబాదు నుంచి కూడా ఆఫీసర్లు వచ్చేవాళ్లు. వెదురు లారీల కోసం ఎవరో కాంట్రాక్టరు గుట్ట నడుముకు తొలిపించిన మొరం బాట అది. ఒక పక్క రాతిగోడ, ఇంకో పక్క లోయ, లోయ అడుగున వాగు. పొద్దు వాలేటప్పుడు అవతలి గట్టు మీద ఎండ పడితే రాయంతా ఎర్రబారేది. ఆఫీసర్లు జీపు దిగి, నడుం మీద చేతులు పెట్టుకుని, ఆహా అనుకుని, ఒక సిగరెట్టు కాల్చి వెళ్లిపోయేవాళ్లు. అక్కడ బండి తోలేవాళ్లు మాత్రం లోయ వైపు చూసేవాళ్లు కాదు. మనం చూస్తే స్టీరింగు కూడా అటే చూస్తుందని వాళ్ల నమ్మకం.

సవరయ్య ఆ బాట మీద ఏళ్ల తరబడి కిరాయి జీపు తోలాడు. వేలంలో కొన్న పాత బండి. దాని కుడి లైటు ఎప్పుడో పోయింది, ఎడమది ఉందంటే ఉంది. మనిషి మంచివాడే కానీ నోరు ఊరుకోదు. పక్కన ఎవరూ లేకపోతే జీపుతోనే మాట్లాడేవాడు. రాత్రి ఇంటికి వచ్చి తిన్నాక, ఆ రోజు ఎక్కినవాళ్లు, దిగినవాళ్లు, బేరమాడినవాళ్లు, అందరి కథలూ పెళ్లానికి చెప్పాల్సిందే. ఆరోగ్యం అని అతను పిలుచుకునే ఆరోగ్యమ్మ, పక్కన పడుకుని కళ్లు మూసుకునే ఊఁ కొట్టేది. ఆ ఊఁ ఆగిందంటే నిద్రపోయిందని తెలుసుకుని ఇతనూ పడుకునేవాడు. వాళ్లకు పిల్లలు లేరు. అతనికి ఆమె, ఆమెకు అతను, అంతే.

ఆ బాటకు ఒక ఆచారం ఉండేది. దాని మీదుగా శవాన్ని తీసుకుపోతుంటే, మలుపు మలుపుకూ చనిపోయినవాళ్లను పేరు పెట్టి పిలిచి బండి ఎటు తిరుగుతుందో చెప్పాలి. ప్రాణం పోయినవాళ్లు తమ శరీరం వెనకే నడిచి వస్తారట. కానీ వాళ్లకు మలుపులు తెలియవట. తిన్నగా పోవడం ఒక్కటే తెలుసట. చెప్పేవాళ్లు లేకపోతే మలుపు దగ్గర తిన్నగా లోయలోకి నడిచిపోయి, ఇక ఇల్లు చేరలేక అక్కడే ఉండిపోతారట. ఇంకో మాట కూడా ఉంది. శవాన్ని దింపి ఖాళీ బండితో తిరిగొచ్చేటప్పుడు నోరు మెదపకూడదు, ఎవరి పేరూ ఎత్తకూడదు. ఇదంతా ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. లారీవాళ్లు, జీపులవాళ్లు, ఎడ్లబండ్లవాళ్లు, అందరూ పాటించేవాళ్లు. సవరయ్య ఆదివారం తప్పకుండా చర్చిలో పూజకు పోయే మనిషి. ఇవన్నీ మూఢనమ్మకాలని ఫాదర్ చెబితే బుద్ధిగా తలూపేవాడు. గుడిలో ఫాదర్ మాట, బాట మీద బాట మాట, అదీ అతని పద్ధతి.

ఎనభై ఆరు ఎండాకాలంలో ఆరోగ్యమ్మకు చలిజ్వరం పట్టుకుంది. ఆ ఊళ్లకు చలిజ్వరం కొత్తేం కాదు, ఏటా వచ్చిపోయే చుట్టమే. కానీ ఈసారి బాగా పీల్చేసింది. ఆ రోజు మధ్యాహ్నం సవరయ్య వాయిలాకు మరిగించి దుప్పటి కప్పి ఆవిరి పట్టించాడు. ఇల్లంతా ఆ ఆకు వాసనే. అప్పుడే సోమ్లా వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

అంచుబాట చివర గుట్ట మీద తండా ఉంది, సోమ్లాది అక్కడే. అతని భార్య బాలి కొత్తగూడెం దవాఖానాలో ఆ పొద్దునే కన్నుమూసింది. అక్కడి నుంచి టేకులపల్లి దాకా ఎవరిదో ట్రాక్టరు దొరికింది. ఇక్కడి నుంచి అంచుబాట మీద ట్రాక్టరువాడు రానన్నాడు. శవాన్ని చింతచెట్టు కింద పడుకోబెట్టి వచ్చాడు ముసలాయన. ఏడ్చి ఏడ్చి గొంతు పూర్తిగా పోయింది. సవరయ్య ఇంట్లోకి చూశాడు. భార్యను ఈ స్థితిలో వదిలి పోవడం అతనికి ససేమిరా ఇష్టం లేదు.

ఆరోగ్యమ్మే దుప్పటిలోంచి తల బయటపెట్టింది. "చచ్చినోళ్లను వద్దనొద్దు, పోయి రా. నేనేమన్న గిప్పుడే పోతున్ననా?"

పక్కింటి బుల్లెమ్మ, నేను కూర్చుంటాలే పొమ్మంది. సవరయ్య జీపు తీశాడు.

బాలిని తెల్లటి గుడ్డలో చుట్టి వెనక పొడుగ్గా పడుకోబెట్టారు. సోమ్లా ఆమె తల దగ్గర కూర్చున్నాడు. మొదటి మలుపు రాగానే పిలవబోతే గొంతులోంచి గాలి తప్ప మాట రాలేదు. మళ్లీ ప్రయత్నించాడు. రాలేదు. కళ్లనీళ్లతో సవరయ్య భుజం తట్టి, నువ్వు చెప్పు అన్నట్టు సైగ చేశాడు.

"బాలీ, ఎడమకు తిరుగుతున్నం," అన్నాడు సవరయ్య.

అలా ప్రతి మలుపుకూ చెప్పుకుంటూ పోయాడు. బాలీ, కుడికి. బాలీ, ఎడమకు. రాళ్లున్నయి, పైలం. మామూలుగా నోరు ఊరుకోని మనిషికి అది బరువనిపించలేదు. అన్నిటికన్నా పెద్దది జంపయ్య మలుపు. జంపయ్య అనే లారీ డ్రైవరు వెదురు లోడుతో సహా అక్కడ లోయలోకి పోయాడు. లారీ ఇనుము కొంత పైకి తెచ్చారు, జంపయ్య దొరకలేదు. అక్కడ సవరయ్య గొంతు కొంచెం పెంచి చెప్పాడు. వెనక నుంచి ఏ జవాబూ లేదు. ఉండదు కూడా. చచ్చినవాళ్లు వింటారు గానీ పలకరు, ఆ ధైర్యంతోనే కదా ఎవరైనా ఆ పని చేసేది.

తండా చేరేసరికి పొద్దు గుట్ట చాటుకు పోయింది. ఆడవాళ్లు ఎదురొచ్చి వాళ్ల భాషలో రాగం తీసి ఏడ్చారు. బాలిని దించుకున్నారు. సవరయ్య నీళ్లు తాగి స్టార్టు చేస్తుంటే సోమ్లా వచ్చి కిటికీ పట్టుకున్నాడు. లేని గొంతుతో, చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాడు.

"తోవల నోరు తెరవకు బిడ్డా. ఎవ్వల పేరు తియ్యకు."

అది తనకు తెలియనిదా అనుకున్నాడు సవరయ్య.

చీకటి అడవిలో పైనుంచి పడదు, కింద నుంచి లేస్తుంది. ముందు లోయ నిండింది. తర్వాత బాట. ఆ తర్వాత చెట్ల కొసలు. పగలంతా కాలిన రాయి వేడి వదులుతోంది. ఎక్కడో ఎండుటాకుల మీద ఏదో నడిచి ఆగింది. ఒంటికన్ను లైటులో బాట ఎడమ సగమే కనిపిస్తోంది. కుడి సగం, అంటే లోయ ఉన్న సగం, కనిపించడం లేదు.

సవరయ్య పెదాలు బిగించి తోలుతున్నాడు. మనసంతా ఇంటి దగ్గరే ఉంది. జ్వరం దిగిందో లేదో. జావ తాగిందో లేదో. ఆరోగ్యం, ఆరోగ్యం, అని లోపల ఒకటే మాట.

మలుపు వచ్చింది. దారి పొడుగునా అలవాటు పడిన నోరు ఆగలేదు.

"ఆరోగ్యం, కుడికి తిరుగుతున్నం."

అన్నాక తెలిసింది అన్నానని. నాలుక కరుచుకున్నాడు. ఏమీ కాలేదు. ఇంజను చప్పుడు, చక్రాల కింద మొరం చప్పుడు, అంతే. ఊపిరి వదలబోయాడు.

"ఊఁ…"

వెనక నుంచి.

జీపు ఆపలేదు. ఆపే ధైర్యం లేదు. అద్దం వైపు చూడలేదు. చెవులు పొరబడ్డాయని తనకు తాను చెప్పుకున్నాడు. తర్వాతి మలుపు దగ్గర పళ్లు గట్టిగా బిగించాడు. బండి ముక్కు తిరగడం మొదలుపెట్టింది. వెనక ఎవరో ఆత్రంగా కదిలారు. సీటు రేకు కిర్రుమంది. చెప్పవేం అన్నట్టు…

"ఆరోగ్యం… ఎడమకు."

"ఊఁ."

ఆ ఊఁ అతనికి తెలుసు. రోజూ రాత్రి వినేదే. సగం నిద్రలో, ముక్కుతో, చివర కొంచెం సాగదీసి. లోకంలో ఇంకెవరూ అలా అనరు. ఆ వెంటనే వాసన వచ్చింది. ఉడికిన వాయిలాకు వాసన.

చచ్చినవాళ్లు పలకరు. మరి ఇది బాలి కాదు. బాలి కాకపోతే ఆరోగ్యం. ఇంట్లో మంచం మీద ఉన్న ఆరోగ్యం, ఇక్కడ తన వెనక ఎలా ఉంటుంది? పోయిందా? పోతే పలకదే. పోలేదా? పోకపోతే ఇక్కడేం చేస్తోంది? తనే పిలిచాడు. జ్వరంలో ఉన్న మనిషిని, సగం ఇటూ సగం అటూ ఉన్న మనిషిని, పేరు పెట్టి, పిలవకూడని చోట పిలిచాడు. ఆమె ఎప్పటిలాగే ఊఁ అంటూ వచ్చేసింది.

లేకపోతే ఇది ఆమె కాదు. ఆమె గొంతు ఎత్తుకున్నది ఇంకేదో. దాన్ని తనే దారి చెప్పి మరీ ఇంటికి తీసుకుపోతున్నాడు.

చెబితే ఒక భయం. చెప్పకపోతే ఇంకో భయం. ఆమే అయితే, ఒక్క మలుపు చెప్పకపోయినా చాలు… లోయలోకి నడిచిపోతుంది. అందుకే చెప్పాడు. ఏడుస్తూ చెప్పాడు. కుడికి, ఆరోగ్యం. ఊఁ. ఎడమకు, ఆరోగ్యం. ఊఁ. ప్రతిసారీ ఆ గొంతు కొంచెం కొంచెం దగ్గరికి వస్తోంది. వెనక సీటులోంచి… సీటు అంచు నుంచి… మెడ దగ్గర నుంచి…

జంపయ్య మలుపు. లైటులో రాతిగోడ కనిపించింది. సవరయ్య నోరు తెరిచాడు.

ఈసారి గొంతు ముందే పలికింది. చెవిలో, చల్లగా.

"ఏమయ్యా… నా కాళ్లకు నేల తగుల్తలేదు."

అంతే. సవరయ్య నోట మాట పడిపోయింది. చెప్పాలనుకున్నాడు, ఏసు సాక్షిగా చెప్పాలనుకున్నాడు. గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. చేతులు వాటంతటవే స్టీరింగు తిప్పాయి. బండి తిరిగింది.

వెనక బరువు తగ్గింది. వాయిలాకు వాసన పోయింది.

అప్పుడు లోయ వైపు నుంచి, కొంచెం కింద నుంచి, ఒక ఆడమనిషి దారి తప్పినవాళ్ల గొంతుతో అడిగింది.

"ఎటు?"

సవరయ్య ఆగలేదు. కాలు ఎత్తకుండా తోలాడు. ఆ రాత్రి అతను ఇల్లెలా చేరాడో జీపుకే తెలియాలి.

ఆరోగ్యమ్మ మంచం మీదే ఉంది. ఊపిరి ఆడుతోంది. ఒళ్లు చల్లబడింది. ఆ ఊపిరి చూసి సవరయ్య మంచం కోడు పట్టుకుని కూలబడిపోయాడు. బుల్లెమ్మ నవ్వింది. దీపం పెట్టిన దగ్గర నుంచి నిద్రలో ఒకటే ఊఁ కొట్టిందయ్యా నీ పెళ్లాం, కలలోకి కూడా పోయి కథలు చెబుతున్నావేమో అనుకున్నా అంది. మరి ఎప్పుడు ఆగిందని అడిగాడు సవరయ్య. ఇందాకే, ఒక్కసారిగా లేచి కూర్చుని, ఎటు అని అడిగి మళ్లీ పడుకుందని చెప్పింది బుల్లెమ్మ.

మర్నాడు ఆరోగ్యమ్మ లేచింది. జ్వరం లేదు. అందరూ సంతోషించారు. సవరయ్య పేరు పెట్టి పిలిచాడు. తల తిప్పలేదు. మళ్లీ పిలిచాడు. అన్నం పెడితే తిన్నది, నీళ్లిస్తే తాగింది, చెయ్యి పట్టుకుంటే పట్టుకోనిచ్చింది. పిలిస్తే మాత్రం తన పేరు కానట్టు ఉండిపోయింది. దవాఖానాలో నీరసం అని బలం మందు రాశారు. ఫాదర్ వచ్చి నెత్తి మీద చెయ్యి వేసి ప్రార్థన చేశాడు.

ఇంకో సంగతి సవరయ్య ఎవరికీ చెప్పలేదు. ఆమె నడిస్తే తిన్నగా నడిచేది. గోడ దాకా పోయి, గోడకు ముఖం పెట్టి ఆగిపోయేది. భుజం పట్టి తిప్పితే తిరిగి, మళ్లీ తిన్నగా ఎదుటి గోడ దాకా పోయేది. ఒకసారి బావి వైపు నడుస్తుంటే పరిగెత్తి పట్టుకున్నాడు. ఆ సాయంత్రం పెరట్లో కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఇంట్లో ఉన్నది ఆరోగ్యం ఒళ్లు మాత్రమే. మనిషి అక్కడ ఉండిపోయింది, మలుపు దగ్గర, తను చెప్పని మలుపు దగ్గర. భయానికి తాళలేక ఆమెను అక్కడ వదిలేసి వచ్చింది తనే.

వారం తిరగక ముందే సవరయ్య మళ్లీ అంచుబాట ఎక్కాడు. ఈసారి ఎండ ఉండగానే పోయాడు. పగలు కాబట్టి భయం లేదని కాదు. భయం ఉంది. కానీ ఇంట్లో గోడకు ముఖం పెట్టి నిలబడ్డ మనిషిని తలుచుకుంటే, అంతకన్నా భయం ఇంకేం మిగల్లేదు అతనికి.

జంపయ్య మలుపులో ఇంజను ఆపి దిగాడు. అన్నేళ్లలో మొదటిసారి లోయలోకి చూశాడు. ఎండలో అవతలి గట్టు తెల్లగా మెరుస్తోంది. కింద వాగు ఎండి, అక్కడక్కడా మడుగులు. గాలి లేదు, పిట్ట లేదు.

"ఆరోగ్యం," అన్నాడు. "నేనే. వచ్చిన."

అంచుకు ఇంకో అడుగు జరిగి చెవి ఒగ్గాడు.

"ఊఁ…"

ఎంతో లోతు నుంచి, అలిసిపోయి. సవరయ్యకు ప్రాణం లేచి వచ్చింది. ఎక్కి స్టార్టు చేసి, నెమ్మదిగా, నడిచేవాళ్లు అందుకునేంత నెమ్మదిగా తోలాడు. ఈసారి నోరు ఒక్క క్షణం మూయలేదు. ఎడమకు తిరుగుతున్నం, ఆరోగ్యం. గిప్పుడు కుడికి. గిది దిగుడు, మెల్లగ రా. అడవి దాటినా ఆపలేదు. టేకులపల్లి సందుల్లో కూడా చెప్పుకుంటూ పోతుంటే హోటలు ముందు కూర్చున్నవాళ్లు నవ్వారు. నవ్వనీ అనుకున్నాడు. ప్రతి మలుపుకూ వెనక నుంచి ఊఁ వినిపిస్తోంది. అతనికది చాలు.

ఇంటి ముందు జీపు ఆపి దిగి, తలుపు బార్లా తీశాడు. వాకిట్లో నిలబడి గొంతెత్తి చెప్పాడు.

"గడప వచ్చింది. లోపలికి రా."

లోపల గోడకు ముఖం పెట్టి నిలబడి ఉన్న ఆరోగ్యమ్మ, ఎవరూ భుజం పట్టకుండానే ఇటు తిరిగింది.

"ఊఁ," అంది.

కళ్లలో వెలుగు వచ్చింది. ఏడుస్తున్న మొగుణ్ని చూసి, ఏందయ్యా గట్ల చూస్తున్నవ్ అంది. ఆకలేస్తుందంది. కాళ్లు గుంజుతున్నాయంది. సవరయ్య ఆమె రెండు చేతులూ పట్టుకుని నవ్వుతూ ఏడ్చాడు. దేవుడికి, బాటకు, జీపుకు, గుర్తొచ్చిన అందరికీ దండం పెట్టుకున్నాడు.

ఆరోగ్యమ్మ అతని భుజం మీదుగా వాకిట్లోకి చూసింది. కొత్తవాళ్ల ముందు సర్దుకున్నట్టు కొంగు సర్దుకుంది. గొంతు తగ్గించి అడిగింది.

"వాళ్లందర్ని ఎండల నిలబెట్టినవేంది?"

సవరయ్య వెనక్కి తిరగలేదు. తిరిగి చూడాల్సిన పని లేకుండానే అర్థమైంది. తను ఒక్క పేరే పిలిచాడు. కానీ దారి అందరికీ వినబడేలా చెప్పాడు. లోయలో ఏళ్ల తరబడి దారి కోసం నిలబడ్డవాళ్లకు పేరు ఎవరిదైతే ఏం. గడప వచ్చింది, లోపలికి రమ్మన్నది కూడా తనే.

తలుపు తీసే ఉంది.

ఆరోగ్యమ్మ మర్యాదగా పక్కకు జరిగి దారి ఇచ్చింది. కాసేపాగి, ఇంకొంచెం జరిగింది. మళ్లీ కొంచెం…

వీపు గోడకు ఆనేదాకా జరుగుతూనే ఉంది.